ఒక్క 'క' వినపడక

ఫోను కొనిస్తానని అక్క మాట ఇచ్చిన దగ్గర్నుంచి చిన్నదానికి అన్నం సయించడం మానేసింది. సంబరం కాబోలు అనుకున్నారు ఇంట్లో వాళ్ళు.

చిన్నది ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతోంది. క్లాసు మొత్తంలో స్మార్ట్‌ఫోను లేనిది తనొక్కదానికే. పాఠాలూ, పరీక్షల తేదీలూ, ఆఖరికి రేపు వర్క్‌షాపు లేదన్న కబురు కూడా క్లాసు గ్రూపులోనే పెడతారు. పక్క సీటు పిల్ల చెబితే తప్ప తనకు తెలిసేది కాదు. సెలవు రోజున తయారై వెళ్ళి, తాళం వేసిన గేటు చూసి తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే అక్క పూనుకుంది. అక్క ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పార్లర్లో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమె వేళ్ళు కత్తెర పట్టుకున్నట్టే వంగి ఉంటాయి.

"మరీ ఖరీదైనది కాదు, ముందే చెబుతున్నా. మూడేళ్ళు పనిచెయ్యాలి. ఏది కావాలో నువ్వే బాగా చూసుకో" అంది అక్క.

సలహాలకు కొదవ లేదు. కింద పడితే పగలనిది చూసుకోమంది అమ్మ. లారీ మీద ఊళ్ళు తిరిగే నాన్న, ఎక్కడి నుంచో ఫోను చేసి, ఛార్జింగు చాలాసేపు నిలిచేది తీసుకోమన్నాడు. కెమెరా ముఖ్యం, మిగతావన్నీ దండగ అంది పక్క సీటు పిల్ల. చిన్నది అందరికీ తల ఊపింది. తనకు కావలసిందేమిటో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు కావలసింది బాగా చెవులున్న ఫోను.

ఎందుకంటే, సుమారు ఏడాదిగా ఆమెకు మాటలు సరిగ్గా వినపడటం లేదు. అసలు వినపడకపోతే తొందరగానే బయటపడేది. కానీ గొంతు వినపడుతుంది, మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది. మాటలోని అక్షరాలే, పురుగు కొట్టిన ఆకులా, అక్కడక్కడా ఖాళీ. మొదట్లో ఎదుటివాళ్ళే నోట్లో నోట్లో గొణుగుతున్నారనుకుంది. తర్వాత పెదాలు చూడటం అలవాటు చేసుకుంది. ఎదురుగా నిలబడితే సగం వినీ సగం చూసీ నెట్టుకొచ్చేది. వెనకనుంచి పిలిస్తే మాత్రం పలికేది కాదు.

"చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా దీనికెక్కదు" అని అమ్మ విసుక్కునేది. క్లాసులో ఆమెకు 'పరధ్యానం' అని పేరు పడిపోయింది. ఆ పేరుకు మొదట ఏడుపొచ్చింది గానీ, తర్వాత దాని చాటునే దాక్కుంది. పరధ్యానం మనిషినైతే తిట్టి ఊరుకుంటారు. చెవులు పనిచెయ్యడం లేదంటే కరెంటు పని నేర్పుతారా? కోర్సులోంచి తీసేస్తారు.

వర్క్‌షాపులో ఆ సంగతి జరిగాక భయం ఇంకా పెరిగింది.

ఆ రోజు మాస్టారు మోటారు ముందు వంగి తీగలు బిగిస్తున్నారు. చిన్నది మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి ఉంది. గోడకున్న పెద్ద ఫ్యాను హోరెత్తుతోంది. మాస్టారు తల ఎత్తకుండానే ఏదో అన్నారు. ఆమెకు "మెయిన్ వెయ్యమ్మా" అని వినపడింది. వేసింది. టప్పుమని చప్పుడు, నీలంగా ఒక మెరుపు, కాలిన వాసన. మాస్టారు అప్పుడే స్క్రూడ్రైవరు కోసం చెయ్యి వెనక్కి తీశారు కాబట్టి సరిపోయింది.

ఆయన అన్నది "మెయిన్ వెయ్యకమ్మా" అని.

మధ్యలో ఒక్క 'క'. వెళ్ళమ్మా, వెళ్ళకమ్మా. ముట్టుకోమ్మా, ముట్టుకోకమ్మా. వద్దన్న అర్థమంతా మోసేది ఆ ఒక్క అక్షరమే. తన చెవి మింగేస్తున్నది సరిగ్గా దాన్నే. మాస్టారు అందరి ముందూ బాగా చీవాట్లు పెట్టారు. "ఎక్కడుంటుంది నీ బుర్ర" అన్నారు. ఆమె తల వంచుకుని నిలబడింది.

దారి చూపించింది పక్క సీటు పిల్ల, అదీ తెలియకుండానే. ఆ పిల్లకు నోట్సు రాయాలంటే మహా బద్ధకం. ఒకసారి క్లాసులో ఫోను బల్ల మీద పెట్టి, ఏదో నొక్కి వదిలేసింది. మాస్టారు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు వరసగా పడుతున్నాయి. తప్పులున్నాయి. అయినా ఏడాదిలో మొదటిసారి చిన్నది ఒక పాఠాన్ని మొదట్నుంచీ చివరిదాకా అందుకోగలిగింది. ఇంటికెళ్ళే దారిలో కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

ఆ మర్నాటి నుంచి కాలేజీ లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ల గురించి చదివింది. మాటలు రాసే పని చవక ఫోన్లలో కూడా ఉంటుందట, కానీ కొన్నిట్లో నత్తనడక నడుస్తుందట, కొన్నిట్లో నెట్ లేకపోతే మూగబోతుందట. వర్క్‌షాపులో సిగ్నల్ అందదు. ఒకరు బ్రహ్మాండం అన్న ఫోన్ని ఇంకొకరు చెత్తబుట్టలో వెయ్యమన్నారు. చదివినకొద్దీ మనసు తేలకపోగా ఇంకా బెంగ పట్టుకుంది. ఒక్కసారే కొంటారు. తప్పు ఫోను ఎంచుకుంటే మూడేళ్ళు అదే. అప్పటిదాకా ఎవరి చెయ్యో కాలకుండా ఉంటుందా?

ఒంటరిగా దుకాణానికి వెళ్ళాలని ఆమె ఆశ. అక్క ఒప్పుకోలేదు. "నువ్వెళ్తే ఎవడు ఏది అంటగడితే అది పట్టుకొస్తావు" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. దుకాణం బయట పెద్ద స్పీకర్లలో పాట మోగుతోంది. లోపల అద్దాల బల్లలు, ఎక్కడ చూసినా జనం. అమ్మే కుర్రాడికి పెదాలు కనపడనంత గుబురు మీసం. అది చూడగానే చిన్నదానికి గుండె జారిపోయింది. పైగా అతను డబ్బాలు తియ్యడానికి అటు తిరిగి, అలా తిరిగే మాట్లాడతాడు.

అతను ఏదో అడిగాడు. చిన్నది తల ఊపింది. ఇంకేదో అడిగాడు. మళ్ళీ ఊపింది. అతను హుషారుగా లోపలికి వెళ్ళి, ఎర్రటి గీతలున్న ఇటుకంత ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అక్క దాని వెల చూసి చెల్లెలి వైపు తిరిగింది. "రోజంతా గేములు ఆడతావా నువ్వు?"

"నేనెందుకు ఆడతాను?"

"ఆయన అదే అడిగాడు. ఆడతానని తల ఊపావు. పాత ఫోను మార్పిడికి ఇస్తారా అంటే దానికీ ఊపావు. నీకు పాత ఫోనెక్కడిది?"

చిన్నదానికి చెవులు వేడెక్కాయి. "సరిగ్గా వినలేదులే, పాట గోల" అంది. అప్పట్నుంచి అక్క చెల్లెల్ని చూసే చూపు మారింది. చిన్నది అది గమనించే స్థితిలో లేదు.

"మాట్లాడితే రాసే ఫోను కావాలి. నెట్ లేకపోయినా రాయాలి" అంది మీసాల కుర్రాడితో.

ఈసారి అతను ముందుకు వంగి చెప్పాడు కాబట్టి తెలిసింది. "అన్నీ రాస్తాయండి. టైపు చెయ్యడానికి బద్ధకమా?" అంటూ సన్నటి, మెరిసే ఫోను ఒకటి తీసి, తనే నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా, "బ్యాటరీ రెండు రోజులు వస్తుంది" అన్నాడు. తెర మీద, "బాటసారి రెండు రోజులు వస్తుంది" అని పడింది. అక్క ఫక్కున నవ్వింది. కుర్రాడూ నవ్వేశాడు. చిన్నదానికి మాత్రం నవ్వు రాలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, అటు తిరిగి, మెల్లగా, "మెయిన్ వెయ్యకమ్మా" అంది.

'మెయిన్ వెయ్యమ్మా' అని రాసింది ఫోను.

తన చెవి చేసే తప్పే ఇదీ చేసింది. మళ్ళీ చెప్పింది, కొంచెం గట్టిగా. మళ్ళీ అదే. మూడోసారి, 'మెయిన్ ఎవరమ్మా' అని రాసింది.

ఇంకో ఫోను అడిగింది. అది ఆమె మాట వినగానే చిన్న చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి అక్షరాలన్నీ ఒక్కసారిగా గుప్పుమన్నాయి. అంత ఆలస్యమైతే వర్క్‌షాపులో ఎందుకూ పనికిరాదు. కుర్రాడికి సహనం చచ్చింది. "ఏంటండీ, పూజలో మంత్రంలా అదే మాట చెబుతున్నారు?" అని వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అద్దాల బల్ల చివర, ఎవరూ పట్టించుకోని చోట, మందంగా బూడిదరంగు ఫోను ఒకటి ఉంది. లైబ్రరీలో దాని గురించి ఒకరు మంచిమాట రాశారు. అడిగి తీయించింది. "అది పోయినేడాది మోడలండీ. కెమెరా అంతంతమాత్రం. కాలేజీ పిల్లలెవరూ చూడట్లేదు" అన్నాడు కుర్రాడు దూరం నుంచే, చేత్తో బాగోదన్నట్టు సైగ చేసి.

చిన్నది నెట్ ఆపేసి చూసింది. "మెయిన్ వెయ్యకమ్మా."

'మెయిన్ వెయ్యకమ్మా.'

నమ్మకం కలగక, దూరంగా పట్టుకుని ఇంకా నెమ్మదిగా చెప్పింది. ఆ 'క' చెక్కుచెదరకుండా పడింది. ఊపిరి గట్టిగా వదిలింది. కళ్ళు తెర మీదనుంచి తీయలేకపోయింది. అలా చూస్తుండగానే, తను ఏమీ అనకుండానే, కింద ఇంకో వరస పడటం మొదలైంది.

'నీకు వినపడటం లేదు కదా.'

అక్క వెనక నిలబడి ఉంది. పార్లర్లో జుట్టు కత్తిరించేటప్పుడు నిలబడినట్టే, సరిగ్గా వీపు వెనక. ఫోను ఇంకా వింటోందని ఆమెకు తెలియదు.

'పోయిన నెల నీ జుట్టు కత్తిరిస్తూ ఎన్ని అడిగాను. ఒక్కదానికీ పలకలేదు. కోపమనుకున్నాను.'

చిన్నది తెర మీది వరసలు చదువుతూనే ఉంది.

'ఇప్పుడు కూడా పలకట్లేదు చూడు. ఎప్పట్నుంచే ఇలా.'

చదవనట్టు నటించవచ్చు. ఏడాదిగా చేస్తున్నది అదే కదా. ఫోను బల్ల మీద పెట్టి, ఇది బాగుంది తీసుకుందాం అంటే సరిపోతుంది. కానీ అలా చెయ్యలేదు. వెనక్కి తిరిగి తెర అక్కకు చూపించింది. అక్క తన మాటలే అక్షరాలుగా చూసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ బయటికొచ్చి, పాట గోల తగ్గేదాకా నడిచి, మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. అక్క చెల్లెలికి ఎదురుగా ఒక మెట్టు కింద కూర్చుంది. చిన్నది అంతా చెప్పింది. స్విచ్ సంగతి కూడా దాచలేదు.

"ఆయన చెయ్యి అక్కడే ఉంటే?" అంది అక్క.

"అదే అక్కా. రోజూ అదే అనుకుంటాను."

"అనుకుంటూ మళ్ళీ వెళ్ళి అదే స్విచ్ దగ్గర నిలబడుతున్నావా?"

అక్క చేతిసంచీ తోలు పట్టీని మెలిపెట్టింది. తర్వాత, "ఫోను వద్దు. ఈ డబ్బుతో ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది.

"డాక్టరు కాగితం మీద రాసిస్తాడు. కాలేజీకి తెలుస్తుంది. నన్ను తీసేస్తారు. ఫోనుంటే ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చేస్తాను."

"స్విచ్ వేసేటప్పుడు మాస్టారి చెయ్యి చూస్తావా, ఫోను చూస్తావా?"

చిన్నది ఇన్ని వారాలుగా ఇన్ని ఫోన్ల గురించి చదివింది గానీ, ఆ ఒక్క ప్రశ్న తనకు తట్టనే లేదు. లేదంటే తట్టనివ్వలేదేమో.

"పాఠానికి ఫోను కావాలి. అది ఒప్పుకుంటాను" అంది అక్క, ప్రతి మాటా విడదీసి. "ఆ బూడిదరంగుది చవకే. డాక్టరుకూ మిగులుతుంది. కానీ రేపు మాస్టారికి నువ్వే చెప్పాలి. చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను. ఆయనకూ ఇంట్లో పిల్లలుంటారే."

"తీసేస్తే?"

"తీసేస్తే ఏడుద్దాం. ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. చెప్పకుండా మాత్రం వెళ్ళనివ్వను."

వెనక్కి వెళ్ళి ఫోను కొన్నారు. కొత్త ఫోను తీసుకున్న సంతోషం ఇద్దరి మొహాల్లోనూ లేకపోవడం చూసి, మీసాల కుర్రాడు నొచ్చుకుని ఒక కవరు ఉచితంగా ఇచ్చాడు.

సోమవారం పొద్దున్న చిన్నది ఏమీ తినకుండా కాలేజీకి వెళ్ళింది. మాస్టారు వర్క్‌షాపులో ఒంటరిగా పనిముట్లు గోడకు తగిలిస్తున్నారు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి, మాటలు రాసే గుర్తు నొక్కి, రాత్రంతా మనసులో వల్లించుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చివరికొచ్చేసరికి మాటలు ముద్దయిపోయాయి.

మాస్టారు పటకారు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన మొహంలో ముందు జాలి కనిపించలేదు, కోపం కనిపించింది.

"ఆ రోజు తెలిసీ చెప్పలేదన్నమాట" అని తెర మీద పడింది.

"అవును సార్."

"నేను నిన్ను తిట్టి మర్చిపోయాను. మర్నాడు మళ్ళీ నిన్నే స్విచ్ దగ్గర పెట్టాను. నా ప్రాణం తీసేదానివి కదమ్మా."

చిన్నది ఫోను వైపు చూడటం మానేసింది. ఈ మాటలు చూడకుండానే అర్థమయ్యాయి. ఆయన పటకారు గోడకు తగిలించి, రెండు చేతులూ తుడుచుకుని, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఈసారి నిదానంగా మాట్లాడారు. ప్రిన్సిపాల్‌కు చెప్పక తప్పదన్నారు. డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చేదాకా స్విచ్ బోర్డు దగ్గరికి రావద్దన్నారు. ఉంచుతారో లేదో తన చేతిలో లేదన్నారు. అన్నీ అయ్యాక, ఇంకో మాట అన్నారు.

"అసలు స్విచ్ సంగతి నోటితో చెప్పడం నా తప్పే. ఈ ఫ్యాను హోరులో ఎవరి చెవులు మాత్రం పనిచేస్తాయి. చేత్తో సైగ చెయ్యాలి. రేపట్నుంచి అందరికీ అదే."

ఆ వారం ఎలా గడిచిందో చిన్నదానికే తెలియదు. వర్క్‌షాపులో మూలన నిలబడి మిగతావాళ్ళు చేస్తుంటే చూసింది. పక్క సీటు పిల్ల సంగతి విని, "నన్నడిగితే నోట్సు ఇచ్చేదాన్నిగా" అని అలిగి, తర్వాత, "నా దగ్గర నోట్సెక్కడివిలే" అని తనే ఒప్పుకుంది. అమ్మకు అక్కే చెప్పింది. అమ్మ ముందు గట్టిగా అరిచింది. అరిస్తే వినపడదు, ఎదురుగా కూర్చుని చెప్పమంది అక్క. అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. చిన్నదాని చెవుల మీదికి జుట్టు సర్దుతూ ఉండిపోయింది.

చెవుల పరీక్ష జరిగే గది చిన్న పెట్టెలా ఉంది. గోడలకు మెత్తలు, చిన్న అద్దం కిటికీ. ఫోను లోపలికి తేవద్దంటే అక్క చేతికిచ్చింది. పరీక్ష చేసే ఆవిడ ఆమె చెవులకు బరువైన హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలట.

తలుపు మూసుకుంది. మొదట లావుపాటి శబ్దం. నొక్కింది. ఇంకొకటి, నొక్కింది. తర్వాత శబ్దాలు సన్నబడుతూ వచ్చి, ఉన్నట్టుండి ఏమీ లేదు. అద్దం అవతల ఆవిడ చెయ్యి ఏదో తిప్పుతోంది. అంటే ఇప్పుడు శబ్దం వస్తూనే ఉండాలి. తనకే వినపడటం లేదు.

బొటనవేలు మీట మీద బిగుసుకుంది. నొక్కితే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కేస్తే, చెవులు బాగున్నాయని రాసిచ్చేస్తారు. కాలేజీ గొడవ అక్కడితో తీరిపోతుంది. తల ఊపడంలో ఏడాది అనుభవం ఉన్న మనిషికి ఇదేం పెద్ద పని కాదు. ఆవిడ చెయ్యి మళ్ళీ కదిలింది.

చిన్నది కళ్ళు మూసుకుంది. చెయ్యి కనపడకపోతే ఆశ కూడా ఉండదు. చాలాసేపు ఏమీ వినపడలేదు, చాలాసేపు ఏమీ నొక్కలేదు.

రెండు చెవులకూ వినికిడి మిషన్లు అవసరమన్నాడు డాక్టరు. అవి పెట్టుకుంటే చదువుకు అడ్డు లేదని కాగితం రాసిచ్చాడు. ప్రిన్సిపాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్లు వచ్చేదాకా కరెంటు ప్రవహించే బోర్డు ముట్టుకోకూడదన్న షరతు మీద ఉండనిచ్చాడు. అవి రావడానికి ఇంకా వారాలు పడుతుంది. వచ్చాక ఎంతవరకు పనిచేస్తాయో ఎవరూ గట్టిగా చెప్పలేదు. చిన్నదాని బెంగ పూర్తిగా పోలేదు.

కానీ కాగితం రాసిచ్చిన రోజున, డాక్టరు దాని మీదికి వంగి, తల ఎత్తకుండా ఏదో చెబుతుంటే, పక్కనే అక్క ఫోను తీయబోయింది. చిన్నది ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నాకు వినపడలేదు సార్" అంది. "ఇటు చూసి మళ్ళీ చెప్పండి."

డాక్టరు తల ఎత్తి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.